నైరుతి మూల నీరు

2022 జూలై 17, ఆదివారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. మా అమ్మాయి ఊపిరి నాకు మొదటిసారి వినిపించిన సమయం అది. అంతకుముందు ఐదేళ్లూ ఆ ఊపిరిని ప్రత్యేకంగా వినవలసిన అవసరం నాకు రాలేదు. ఆ ఉదయం మాత్రం పాప గొంతులోంచి సన్నని ఈల వంటి శబ్దం వస్తోంది. పడుకున్న చోటే లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు పైకెత్తి గాలి పీల్చుకుంటోంది. పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది.

"నాన్నా, రూమ్ అంతా వెట్ డాగ్ స్మెల్ వస్తుంది," అన్నది.

మాకు కుక్క లేదు.

దగ్గరలోని అర్జెంట్ కేర్ క్లినిక్‌కు తీసుకువెళ్లాము. అక్కడ ముఖానికి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించారు. కొంతసేపటికి ఈల తగ్గింది. డాక్టరు ఆస్తమా కావచ్చునని చెప్పి, ఇంట్లో ఎక్కడైనా చెమ్మ గాని బూజు గాని ఉన్నదా అని అడిగారు. నేను లేదన్నాను. ఆ సమాధానం నేను నమ్మే చెప్పాను.

మా కుటుంబంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. చదువుకున్నవాడికి అన్నీ తెలిసి ఉంటాయని మావాళ్లు అనుకునేవారు. ఆ నమ్మకం వమ్ము కాకూడదని చేతికి వచ్చిన ప్రతి కాగితాన్నీ చివరి పేజీ వరకూ చదవడం అలవాటు చేసుకున్నాను. అమెరికాలో, హెర్న్‌డన్ అనే ఊళ్లో ఈ ఇల్లు కొనేముందు వచ్చిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టును కూడా అలాగే చదివాను. ఇంటి కింది భాగం గురించి అందులో ఒక వాక్యమే ఉంది: గాలి ఆడడానికి కిటికీలు ఉన్నాయి, సాధారణ స్థితి. అది చదివి సంతోషించాను. గాలి ఆడే చోట తడి నిలవదన్నది నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలిసిన విషయం.

ఇంటి కింది భాగం అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. మా ఇల్లు నేల మీద నేరుగా కట్టినది కాదు. చుట్టూ పొట్టి గోడలు కట్టి, వాటి మీద చెక్క దూలాలు పరిచి, ఆ దూలాల మీద గదులు లేపారు. దూలాలకూ మట్టికీ మధ్య మనిషి పాకగలిగినంత ఖాళీ ఉంటుంది. దాన్నే క్రాల్ స్పేస్ అంటారు. ఇంటిని చల్లబరిచే ఏసీ గొట్టాలు అందులోంచే వెళ్తాయి. ఇంటి వెనక, మోకాలి ఎత్తున ఉన్న చిన్న చెక్క తలుపు దానికి దారి. మేము ఇంట్లోకి వచ్చి తొమ్మిది నెలలైనా ఆ తలుపును నేను ఒక్కసారి కూడా తీయలేదు.

ఆ ఇల్లు ఎంచుకున్నది వాస్తు చూసే. మా కాలనీలో కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దాయన, ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా రిటైరైనవారు, తెలుగువాళ్లు ఎవరు ఇల్లు కొన్నా వచ్చి చూసి చెప్పేవారు. అందరికీ ఆయన అంకుల్. ఈశాన్యం తెరిపిగా ఉందని, పడకగది నైరుతిలో పడిందని, ఇటువంటి ఇల్లు ఈ చుట్టుపక్కల దొరకదని ఆయన చెప్పాకే నా భార్య ఒప్పుకుంది. మేము ముగ్గురమూ ఆ నైరుతి గదిలోనే, రెండు మంచాలు కలిపి వేసుకుని పడుకునేవాళ్లము.

ఆసుపత్రి నుంచి వచ్చిన మధ్యాహ్నం నా భార్య ఆ గదిలో బట్టల క్లాజెట్ తీసింది. అడుగున పెట్టిన సూట్‌కేసులో ఆమె పెళ్లి పట్టుచీరలు ఉన్నాయి. పై చీర మడత విప్పగానే జరీ మీద బూడిద చల్లినట్టు తెల్లని పొర కనిపించింది. ఆమె దాన్ని వేలితో తాకి, వేలు వాసన చూసి, నా వైపు తిరిగింది.

"ఏవండీ, పాప చెప్పింది ఈ వాసనే."

సూట్‌కేసు జరిపితే, కింద చెక్క పలకల అంచులు పైకి లేచి ఉన్నాయి. చెప్పులు లేకుండా నిలబడితే అరికాలికి చల్లగా తగిలింది. జూలై మధ్యాహ్నం చెక్క నేల అంత చల్లగా ఉండటానికి కారణం లేదు.

నేను టార్చి తీసుకుని వెనక్కి వెళ్లి ఆ చిన్న తలుపు తెరిచాను. ముందుగా మొహానికి గాలి తగిలింది. బయట ఉక్కపోతగా ఉంటే లోపలి గాలి చల్లగా, బరువుగా ఉంది. బోర్లా పడుకుని మోచేతుల మీద పాకాను. కింద ఎర్ర బంకమట్టి చేతికి మెత్తగా దిగబడుతోంది. తల మీద దూలాల మధ్య పెట్టిన దూదివంటి పసుపు ఇన్సులేషన్ నీళ్లు పీల్చి, ఊడి, పొడుగాటి నాలుకల్లా వేలాడుతోంది. ఏసీ గొట్టాల పొడవునా చుక్కలు నిలిచి ఉన్నాయి. నేను చూస్తుండగానే ఒకటి మట్టిలో రాలింది, దాని చోట మరొకటి ఊరడం మొదలుపెట్టింది. దూలాల మీద తెల్లని నూగు. టార్చి వెలుగు పడినప్పుడు ఆ నూగు కదిలినట్టు అనిపించింది. అది నా ఊపిరికి కదిలింది.

నేల ఒక వైపుకు వాలి ఉంది. ఆ వాలు చివర, దూరపు మూలలో, నల్లగా నీళ్లు నిలిచి ఉన్నాయి. ఎంత లోతో తెలియలేదు. వెలుగు వేస్తే పై దూలాలు అందులో తలకిందులుగా కనిపించాయి. అప్పుడే నా నెత్తిన పాప దగ్గు వినిపించింది. పక్కనే ఉన్నంత స్పష్టంగా వినిపించింది. మంచం కిర్రుమంది. నా భార్య "నీళ్లు తాగు బంగారం" అంటోంది. మా ముగ్గురి పడక ఆ మడుగుకు సరిగ్గా పైన ఉందని అప్పుడు తెలిసింది. దగ్గు ఇంత తేలికగా కిందికి వస్తోందంటే, కింది గాలి కూడా అంతే తేలికగా పైకి వెళ్తున్నదన్నమాట.

ఆ వారమే క్రాల్ స్పేసులు బాగుచేసే కాంట్రాక్టరు వచ్చాడు. మోకాళ్లకు తోలు పట్టీలు కట్టుకున్న పొడవాటి మనిషి. పని ఎంత పెద్దదైతే అంత ఉత్సాహంగా మాట్లాడేవాడు. లోపలికి పాకి వెళ్లి, తేమ కొలిచే మీటరు చేతిలో పట్టుకుని బయటకు వచ్చాడు. మీటరు ఎనభై ఎనిమిది శాతం చూపిస్తోంది.

"మీ ఇంటి కింద ఇంకో చిన్న ఫ్లోరిడా ఉంది సర్, అంతా ఉక్క, చిత్తడి," అని నవ్వాడు. మేము నవ్వలేదు.

అతను చెప్పినదాని సారాంశం ఇది. ఎండాకాలం ఇక్కడి గాలిలోనే నీరు ఉంటుంది. కింది పొట్టి గోడల్లోని కిటికీల్లోంచి ఆ గాలి లోపలికి వెళ్లి చల్లని గొట్టాలకు తగిలి చుక్కలుగా మారుతుంది. ఆరాలని కిటికీలు తెరిచి ఉంచితే మరింత తడుస్తుంది. వాటిని మూసెయ్యాలి. మట్టి మీద, గోడల మీద మందపాటి తెల్ల ప్లాస్టిక్ షీటు పరిచి అతుకులు అంటించాలి. తేమ లాగే డీహ్యూమిడిఫయర్ ఒకటి పెట్టాలి. ఇక వాననీరు గోడ కిందినుంచి ఊరి వాలు వెంట మూలకు చేరుతోంది కనుక, ఆ మూలలో గొయ్యి తవ్వి, అందులో నీరు చేరగానే తనంతట తాను తిరిగే పంపు దించాలి.

చెబుతూనే బయటి గోడ మీద నారింజ రంగు స్ప్రేతో గుర్తు పెట్టాడు. నా భార్య ఫోన్‌లో కంపాస్ తెరిచి ఆ గుర్తుకు ఎదురుగా నిలబడింది. కాసేపు ఫోన్‌ను అటూ ఇటూ తిప్పింది.

"ఇది నైరుతి."

"అవును," అన్నాను.

"నైరుతిలో గొయ్యా? వద్దండీ. అంకుల్‌ని అడుగుదాం."

అంకుల్ ఆ సాయంత్రమే వచ్చారు. నడక బూట్లతోనే పెరట్లోకి వెళ్లి గుర్తు చూసి, పెదవి విరిచారు.

"ఎవడయ్యా ఇక్కడ తవ్వమన్నది?"

"నీళ్లు అక్కడికే చేరుతున్నాయి అంకుల్."

"చేరతాయి బాబూ. ముప్పై ఏళ్లు కాలవల మీద పనిచేశాను, నీళ్లు ఎటు పోతాయో నాకు చెబుతావా? శాస్త్రం చెప్పేది నీళ్ల గురించి కాదు, మనుషుల గురించి. నైరుతి ఇంటికి బరువు ఉండాల్సిన చోటు. అక్కడ గొయ్యి పడితే యజమానికి గండం. అంటే నీకు. ఆ పంపేదో ఈశాన్యంలో పెట్టించు. నీళ్లు ఉండాల్సిన చోటు అది. రెండూ కలిసొస్తాయి."

"ఈశాన్యం ఎత్తున ఉంది అంకుల్. నీళ్లు ఎక్కాలి కదా."

"పైపు వేస్తే ఎక్కుతాయిలే. అమెరికా వాడికి చేతకానిది ఉంటుందా?"

ఆయన వెళ్లాక నేను గట్టిగానే మాట్లాడాను. ఇద్దరం ఇంజనీరింగ్ చదివినవాళ్లం, పాపకు ఊపిరి ఆడటం లేదు, దిక్కులు చూసుకుంటూ కూర్చుందామా అన్నాను. నా భార్య వంటగదిలో గిన్నెలు సర్దుతూ, నా వైపు తిరగకుండానే చెప్పింది.

"మా నాన్న యాక్సిడెంట్‌లో పోయారని మీకు తెలుసు. ఆ ఏడాది ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకు తవ్వించారని తెలీదు. నైరుతి మూల. తవ్వొద్దని అందరూ చెప్పారు. స్థలం అక్కడే ఉంది, ఏం కాదులే అన్నారు. నేను సెవెంత్ క్లాస్. ట్యాంకు మీద సిమెంటు ఇంకా ఆరలేదు, బైపాస్ మీద లారీ గుద్దింది." గిన్నె మీద గిన్నె పెట్టింది. "అది దీనివల్లేనని నేను అనడం లేదు. కాదని మీరు చెప్పగలరా? రోజూ టోల్ రోడ్ మీద డ్రైవ్ చేసేది మీరు."

పాప కోసం నేను భయపడుతున్నాను. నా కోసం ఆమె భయపడుతోంది. ఈ రెండు భయాలనూ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో నిర్ణయించడానికి నేను చదివిన చదువులో ఉపాయం లేదు.

పంపును ఈశాన్యానికి మార్చమంటే కాంట్రాక్టరు తల గోక్కున్నాడు. ఎత్తున తవ్వితే గొయ్యి పొడిగానే ఉంటుందన్నాడు. మూలనుంచి నీటిని అక్కడికి తేవడానికి పైపుకు వాలు చాలదన్నాడు. అక్కడే ఎందుకని అతను అడిగితే నా భార్య "రెలిజియస్ రీజన్" అన్నది. ఇల్లు మాది. ఈశాన్యంలో తవ్వి పంపు దించాడు. కిటికీలు మూసి, తెల్ల షీటు పరిచి, యంత్రమూ తేమ చూపే ఒక మీటరూ పెట్టి వెళ్లిపోయాడు.

ఆగస్టు అంతా బాగా గడిచింది. వాసన పోయింది. మీటరు యాభై రెండుకు దిగింది. పాప ట్రాంపొలిన్ మీద గెంతింది. కొత్త షీటు మీద టార్చి వేసి చూస్తే కింది భాగం అంతా ఆసుపత్రి గదిలా తెల్లగా మెరిసేది. ఆ ఏడాది ఆగస్టులో మా దగ్గర వానలు సరిగా పడలేదన్న సంగతి మాకు పట్టలేదు. అంకుల్ ఒక ఆదివారం టీ తాగుతూ, "చూశావా బాబూ, ఈశాన్యం మహిమ. పంపు తిరిగే పనే పడలేదు," అన్నారు. నా భార్య నవ్వింది. ఎన్నో వారాల తర్వాత ఆమె నవ్వగా చూశాను.

పంపు తిరగకపోవడం మాత్రం నన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు. ఆఫీసు నుంచి రాగానే పెరట్లోకి వెళ్లి, గోడకు చెవి ఆనించి వినేవాణ్ణి. డీహ్యూమిడిఫయర్ రొద తప్ప ఏమీ వినిపించేది కాదు. కొన్నిసార్లు ఆ రొద వెనక, ఎక్కడో దూరాన, చుక్క పడినట్టు ఉండేది. మళ్లీ వింటే ఉండేది కాదు.

సెప్టెంబరు చివరిలో, దక్షిణాన తీరం దాటిన తుపాను మిగులు మబ్బులు మా మీదికి వచ్చాయి. ఆగకుండా, అలవకుండా వాన. మొదటి రోజు మీటరు యాభై ఎనిమిది. మర్నాడు అరవై తొమ్మిది. ఈశాన్యంలో పంపు అప్పటికీ తిరగలేదు. నేను రెయిన్‌కోటు వేసుకుని చిన్న తలుపు తీసి టార్చి వేశాను. దగ్గర ఉన్న షీటు చదునుగా, శుభ్రంగా ఉంది. దూరాన, మా పడకగది కింద, షీటు పైకి ఉబ్బి ఉంది. నిండు కడుపులా ఉబ్బి, అంచుల్లో మెల్లగా అలలు కదులుతున్నాయి. నీరు కింద చేరి షీటును ఎత్తుతోంది. ఒక చోట అతుకు విడిపోయింది. అందులోంచి నల్లని నీరు తెల్లని ప్లాస్టిక్ మీదికి, తొందర లేకుండా పాకుతోంది.

ఇంట్లోకి పరుగెత్తి మంచాలు హాల్లోకి జరిపాను. ఆ పని ముందే చేయవలసింది. కానీ ఆ వాసన అప్పటికే గది దాటి, గొట్టాల వెంట ఇల్లంతా తిరుగుతోంది.

మర్నాడు మధ్యాహ్నం పాప అన్నం ముందు కూర్చుని ముద్ద మింగలేకపోయింది. ఇన్‌హేలర్ పట్టించాము. ఇంకోసారి పట్టించాము. "నాన్నా, ఎయిర్ రావట్లే," అన్నది. ఆ తర్వాత మాట రాలేదు. పెదవుల చుట్టూ నీలం తిరిగింది. అంబులెన్సు కోసం 911కి ఫోన్ చేశాను. నేను అడ్రసు చెప్పేలోగా నా భార్య ఫోన్ లాక్కుని చెప్పింది.

ఆసుపత్రిలో పాపను లోపలి వార్డుకు మార్చారు. ముఖానికి మాస్కు, చేతికి సూది, వేలికి ఎర్రని దీపం. ఈల వినిపించడం లేదని నేను ఊరట చెందబోతుంటే నర్సు చెప్పింది: ఈల వినిపించనప్పుడే ఎక్కువ భయపడాలి, ఈల వేయడానికి కూడా గాలి ఆడటం లేదని దాని అర్థం. ఆ తర్వాతి గంటల్లో మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. మానిటర్ మీద అంకెలే చూశాము. సాయంత్రానికి ఈల తిరిగి వచ్చింది. ఆ శబ్దం వినగానే నా భార్య కుర్చీలో ముందుకు వంగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి ముఖం తుడుచుకుని ఫోన్ తీసింది. కాంట్రాక్టరుకు తనే చేసింది. రేపే రమ్మని, మొదట గుర్తు పెట్టిన చోటే తవ్వమని చెప్పింది. నేను ఆమెను ఆపి, ఒకసారి ఆలోచించమన్నాను. ఎందుకు అన్నానో తెలియదు. ఎన్నడూ నమ్మని ఆ యజమాని గండం మాట ఆ క్షణాన నా చెవిలో మళ్లీ వినిపించింది.

"ఆలోచించానండీ," అన్నది. "మీకేమవుతుందో నాకు తెలీదు. దానికేమవుతుందో తెలుసు. చూశాను కదా."

అంకుల్‌కు ఎవరు చెప్పారో, మర్నాడు కాంట్రాక్టరు వ్యాన్ వెనకే ఆయన కూడా గొడుగు వేసుకుని వచ్చారు. పాప దగ్గర ఉండవలసిన నా భార్య, తవ్వేది కళ్లతో చూడాలని, ఆ గంటకు నన్ను కూడా వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది. పాప దగ్గర మా కాలనీ ఆంటీ ఒకావిడ కూర్చున్నారు.

"తొందరపడకమ్మా. కనీసం మంచి రోజు చూసి..." అన్నారు అంకుల్.

"దానికి ఊపిరాడడానికి కూడా మంచి రోజు చూడాలా అంకుల్?"

ఆయన చిన్న తలుపు దగ్గర వంగి లోపలికి చూశారు. చాలాసేపు వంగే ఉన్నారు. లేచినప్పుడు కళ్లద్దాల మీద ఆవిరి పట్టి ఉంది.

"ఇన్ని నీళ్లున్నాయా తల్లీ," అన్నారు. వెళ్లిపోలేదు. గొడుగు నా నెత్తిన పట్టుకుని నిలబడ్డారు.

లోపలికి పాకుతున్న కాంట్రాక్టరుకు నా భార్య చిన్న పొట్లం ఇచ్చింది. పసుపు, కుంకుమ, కాసిని నవధాన్యాలు. గొయ్యి అడుగున పెట్టమన్నది. అతను దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాడు. గడ్డపార మట్టిలో దిగిన చప్పుడు, తర్వాత నీరు గొంతులోకి జారినట్టు ఒక చప్పుడు. తవ్వుతుండగానే గొయ్యి నిండుతోందని లోపలినుంచి అరిచాడు. ఆ చప్పుడు విన్నంతసేపూ నా భార్య నా మణికట్టు పట్టుకుని ఉంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే, తర్వాత చూసుకుంటే ఆమె గాజుల అచ్చు నా చేతి మీద ఉంది. పంపు దించి స్విచ్ వేశారు. గొట్టంలోంచి ఎర్రటి నీరు పెరటి గడ్డి మీదికి విరజిమ్మి, వీధి కాలువ వైపు పారింది. చీకటి పడేవరకూ పారుతూనే ఉంది.

ఆ తర్వాత మారినవి ఇవి. తడిసిన దూలాలు రెండు తీసి కొత్తవి వేశారు. మీటరు యాభై దాటడం లేదు. పాపకు మళ్లీ ఆసుపత్రి అవసరం రాలేదు. ఇన్‌హేలర్ స్కూలు బ్యాగులో ఉంటుంది, తీసే సందర్భం తగ్గింది. వాన పడితే మా మంచం కింద పంపు తిరుగుతుంది. నేను ఆఫీసుకు చేరగానే మెసేజ్ పెట్టాలని నా భార్య నియమం పెట్టింది. పెడుతున్నాను. ఆలస్యమైతే ఫోన్ చేస్తుంది. నేను ఎత్తేవరకూ చేస్తూనే ఉంటుంది.